నాలుగో తరగతి లెక్కలు: తాతగారు చెప్పినట్టు చేయాలా, స్కూల్లో చెప్పినట్టా?

ఎడిసన్ అమ్మ:

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా బాబు పబ్లిక్ స్కూల్లో నాలుగో తరగతి. మా నాన్నగారు తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. దసరా ముందు ఇక్కడికి వచ్చారు, సంక్రాంతి దాటాక వెళ్తారు. వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం పూట మనవడికి లెక్కలు ఆయనే చెబుతున్నారు. వాడికీ తాతయ్యంటే ఇష్టమే కాబట్టి కూర్చుంటున్నాడు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, పోయిన వారం హోంవర్కులో 952 ÷ 7 ఇచ్చారు. వాడు తాతయ్య నేర్పినట్టు తొమ్మిదిలో ఏడు ఒకసారి, రెండు మిగిలింది, ఐదు దింపు అనుకుంటూ చకచకా చేసేశాడు. జవాబు 136, కరెక్టే. కాగితం తిరిగొచ్చేసరికి పక్కన "జవాబు సరైనదే, ఎలా ఆలోచించావో చూపించు" అని రాసి సగం మార్కులే వేశారు. నాన్నగారు అది చూసి రెండు రోజులు ముభావంగా ఉన్నారు. గుణకారానికి కూడా 34 × 27 అంటే నాలుగు గదుల పెట్టె గీయమంటారట. "రెండు వరసల్లో అయిపోయే దానికి ఈ ఇల్లు కట్టడం దేనికమ్మా" అంటారు ఆయన. మా వారేమో స్కూలు చెప్పినట్టే చేయనీ అంటారు. మధ్యలో పిల్లాడు నలిగిపోతున్నాడు. నిన్న భాగహారం అనగానే ఏడుపు మొహం పెట్టాడు.

అసలు ఇక్కడ మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో లెక్కల్లో ఏం నేర్పుతారు? ఆ పెట్టెలతో ఏమైనా ఉపయోగం ఉందా? ఇంకో రెండేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోయే ఆలోచన కూడా ఉంది. అక్కడికి వెళ్ళాక వెనకబడతాడేమోనని నా టెన్షన్.


ఫ్రిస్కో నాన్న:

ముందు ఒక మాట. ఏ రాష్ట్రం అన్నది చూసుకోవాలండీ. మా టెక్సస్ కామన్ కోర్ (ఏ తరగతికి ఏం రావాలో చెప్పే, చాలా రాష్ట్రాల ఉమ్మడి ప్రమాణాలు) తీసుకోనే లేదు, మాకు వేరే సిలబస్ ఉంది. మా అమ్మాయి నాలుగో తరగతిలోనే మనం చేసే మామూలు గుణకారం, భాగహారం చేసేసింది. పెట్టెలూ గీయించారు, ఇదీ చేయించారు. మూడో తరగతి నుంచే రాష్ట్రం పరీక్ష ఉంటుంది కాబట్టి దాని హడావుడి వేరే. కాబట్టి ఎవరో డాలస్ ఫ్రెండు చెప్పింది విని న్యూజెర్సీ టీచర్‌తో వాదనకి దిగకండి.


ఐదో క్లాసు టీచర్:

అమ్మా, నేను న్యూజెర్సీలోనే పబ్లిక్ స్కూల్లో ఐదో తరగతికి చెబుతాను. ఇక్కడికి రాకముందు విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆ వరసా చెప్పాను, ఈ పెట్టెలూ చెబుతున్నాను. మీ నాన్నగారి బాధ నాకు బాగా అర్థమైంది. మీ బాబు కాగితం మీద ఆ మాట రాసిన టీచర్ గారిదీ అర్థమైంది. కాస్త పెద్దగానే రాస్తాను, తీరిగ్గా చదవండి.

మన రాష్ట్రం 2010లో కామన్ కోర్ తీసుకుంది. తర్వాత పేరు మార్చుకుంది గానీ విషయం చాలావరకు అదే. అందులో ఏ తరగతికి ఏది అని రాసి ఉంటుంది. నిలువుగా వేసి చేసే కూడికలు, తీసివేతలు తడబడకుండా రావాల్సింది నాలుగో తరగతిలో. మీ నాన్నగారి గుణకారం ఐదో తరగతిలో. ఆయన భాగహారం ఆరో తరగతిలో. అంటే మీ వాడు చేసింది తప్పు కాదు, రెండేళ్ళ ముందు చేశాడంతే. నాలుగో తరగతికి రాసి ఉన్నదేమిటంటే, నాలుగంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించాలి, ఎలా చేశాడో బొమ్మతోనో సమీకరణంతోనో వివరించాలి. ఆ వివరించడం కూడా పాఠంలో భాగమే. టీచర్ సగం మార్కులు తీయడం నాకైతే కాస్త ఎక్కువనిపించింది. నేనైతే మార్కు ఇచ్చేసి, పక్కకి పిలిచి "ఆ 9 నిజానికి ఎంత?" అని అడిగేదాన్ని.

ఎందుకు అడుగుతానో చెబుతాను. "తొమ్మిదిలో ఏడు ఒకసారి" అంటాం. అది తొమ్మిది కాదు, తొమ్మిది వందలు. ఆ ఒకటి కూడా ఒకటి కాదు, వంద. మనకి చిన్నప్పుడు ఎవరూ అడగలేదు, మనం పట్టించుకోలేదు, జవాబు వచ్చేసింది. ఇక్కడి పద్ధతిలో పిల్లాడు 952లో ఏడు వందలు ఒకేసారి తీసేసి పక్కన 100 అని రాసుకుంటాడు. 252 మిగిలింది. అందులో 210 తీసేసి 30 రాస్తాడు. 42 మిగిలింది, 6 రాస్తాడు. 100, 30, 6 కలిపితే 136. పెద్ద ముక్క తీయడం రాని పిల్లాడు 140 ఒకసారి, 70 ఒకసారి తీస్తాడు. పేజీ నిండుతుంది గానీ లెక్క తప్పదు.

మీ నాన్నగారికి ఈ లెక్క చూపించండి: 816 ÷ 8. మన పద్ధతిలో చేసే పిల్లల్లో చాలామంది 12 అని రాసి లేచి వెళ్ళిపోతారు. ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి, ఒకటి దింపు, పోదు, ఆరు దింపు, పదహారులో రెండుసార్లు. ఆ "పోదు" దగ్గర సున్నా పెట్టాలని మర్చిపోతారు. ఆయన సర్వీసంతా ఆ సున్నా చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టే ఉంటారు! అదే లెక్కని ముక్కలుగా చేసేవాడు 800 తీసి 100 రాస్తాడు, 16 తీసి 2 రాస్తాడు. 102. సున్నా మర్చిపోవడానికి చోటే లేదు.

పెట్టె సంగతీ అంతే. 34 × 27 తీసుకోండి. పైన 30, 4. పక్కన 20, 7. నాలుగు గదుల్లో 600, 80, 210, 28. కలిపితే 918. ఇప్పుడు మాస్టారి పద్ధతిలో చేయండి. మొదటి వరస 34 × 7, అంటే 238. రెండో వరసలో ఒకట్ల స్థానం వదిలేసి 68, అంటే 680. ఆ 238 ఎక్కణ్ణించి వచ్చింది? 210కి 28 కలిపితే వచ్చింది. 680 అంటే 600, 80. ఆ నాలుగు గదులే రెండు వరసలయ్యాయి. మీ వాణ్ణి రెండూ పక్కపక్కన వేసి, ఏ గది ఏ వరసలోకి వెళ్ళిందో రంగు పెన్సిళ్ళతో గీతలు గీయమనండి. నా క్లాసులో ఐదో తరగతి మొదట్లో నేను చేయించే పని ఇదే. దాని తర్వాత పెట్టె అక్కర్లేదని పిల్లలే అంటారు.

పైగా ఆ పెట్టె ముందు ముందు ఇంకో అవతారంలో వస్తుంది. ఆల్జీబ్రాలో (x + 4)(x + 7) గుణించేటప్పుడు అవే నాలుగు గదులు. మాస్టారికి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

అయితే, నిజం చెప్పాలంటే ఈ మూడు తరగతుల్లో అసలు కొండ భాగహారం కాదు, భిన్నాలు. మీ ఇంట్లో జరుగుతున్న యుద్ధం వేరే చోట జరగాలి! మూడో తరగతిలో 2, 3, 4, 6, 8 హారాలతో మొదలుపెడతారు. ముక్కలు కోయడంతో ఆగరు. సంఖ్యారేఖ మీద 3/4 ఎక్కడుంటుందో చూపించమంటారు, అంటే భిన్నం కూడా ఒక సంఖ్యే అని. నాలుగులో సమాన భిన్నాలు, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పడం, ఒకే హారం ఉన్నవి కలపడం, 10, 100 హారాల నుంచి దశాంశాలు. ఐదులో వేర్వేరు హారాలతో కూడిక, తీసివేత, భిన్నాన్ని భిన్నంతో గుణించడం. ఇక ప్రొట్రాక్టర్‌తో కోణాలు కొలవడం నాలుగులో, ఘనపరిమాణం, గ్రాఫు మీద బిందువులు పెట్టడం ఐదులో ఉంటాయి. వాటితో పిల్లలకి పెద్దగా ఇబ్బంది రాదు, ప్రొట్రాక్టర్‌లో ఏ వైపు అంకెలు చదవాలో తెలియక తికమక పడడం తప్ప.

నా దగ్గరికి ఐదో తరగతికి వచ్చే పిల్లల్లో 3/8 పెద్దదా 1/2 పెద్దదా అంటే 3/8 అనేవాళ్ళు ఏటా ఉంటారు. అడిగితే "మూడు ఒకటి కన్నా పెద్దది, ఎనిమిది రెండు కన్నా పెద్దది" అంటారు. వాళ్ళకి అది ఒక సంఖ్యలా కనపడదు, ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు సంఖ్యల్లా కనపడుతుంది. అలాంటి పిల్లాడే 1/2 + 1/4 కి 2/6 అని రాస్తాడు.

దీనికి మీ నాన్నగారిని వాడుకోండి. ఇంట్లో ఇంచీల టేపు ఉంటుంది కదా, హార్డ్‌వేర్ షాపులో దొరికేది. ఇక్కడి అంగుళాన్ని పదులుగా కాక సగం, సగంలో సగం, మళ్ళీ దానిలో సగం అలా 1/16 దాకా గీస్తారు. తాతా మనవడు కలిసి ఇంట్లో ఉన్న పెన్సిళ్ళు, చెంచాలు, అగ్గిపుల్లలు కొలవమనండి. 3/8 మీద వేలు పెట్టించి, 1/2 మీద వేలు పెట్టించి, ఏది అవతల ఉందో చూడమనండి. 1/2 నుంచి ఇంకో 1/4 జరగమనండి. ఎక్కడ ఆగాడు? 3/4 దగ్గర. "మరి 2/6 అంటే ఎంతరా? మూడో వంతు. సగానికి పావు కలిపితే సగం కన్నా తగ్గిపోయిందా?" అని మాస్టారి గొంతుతో ఒక్కసారి అడిగితే చాలు, జన్మలో మర్చిపోడు.


మణికొండ రిటర్న్:

మేం కాలిఫోర్నియా నుంచి వచ్చేసి హైదరాబాద్‌లో, మణికొండలో ఉంటున్నాం. మా అమ్మాయి అక్కడ ఐదు పూర్తి చేసి ఇక్కడ ఆరో తరగతిలో చేరింది. మీకు పనికొస్తుందని రాస్తున్నా.

మొదట ఇబ్బంది పెట్టింది కామాలు. అక్కడ 1,234,567 అని అలవాటు. ఇక్కడ 12,34,567. లక్ష అంటే ఎన్ని వేలో, కోటికి ఎన్ని సున్నాలో చాలాసార్లు తడుముకుంది. రెండోది కసాగు (LCM), గసాభా (HCF). అక్కడ నాలుగో తరగతిలో కారణాంకాలు, ప్రధాన సంఖ్యలు చెప్పారు గానీ కసాగు, గసాభా ఆరో తరగతికి వదిలేశారు. ఇక్కడ పిల్లలు ఐదులోనే చేసి వచ్చారు. భిన్నాలు కలపమంటే మా అమ్మాయి హారం, హారం గుణించేసేది. జవాబు వచ్చేది, కానీ 1/6 + 3/8 కి 48 హారంతో చేసి 26/48 రాసి, మళ్ళీ కుదించుకునేది. 24 తీసుకుంటే నేరుగా 13/24 వచ్చేస్తుంది కదా. మూడోది వేగం. పరీక్షలో టైమ్ చాలేది కాదు.

కిలోలు, మీటర్లతో ఏ కష్టం లేదు, అక్కడ రెండు రకాల కొలతలూ చెప్పారు. ఇంకోటి చెప్పాలి. మాటల్లో ఇచ్చే లెక్కలు, అంటే అన్వయ లెక్కలు వస్తే క్లాసులో ఎవరూ మొదలుపెట్టక ముందే బొమ్మ గీసుకుని మొదలుపెట్టేసేది. అది అక్కడి చలవే.


ఎడిసన్ అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. టీచర్ గారి జవాబు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చెబుతుంటే నేను టైప్ చేస్తున్నా. ఇక్కణ్ణించి ఆయన మాటలే:

"అమ్మా, నమస్కారం. 816 లెక్క బాగా పట్టుకున్నావు. ఆ సున్నా కోసం నేను పిల్లల చేత గదులు గీసిన కాగితం మీదే భాగహారం చేయించేవాణ్ణి. నీ పద్ధతిలో సున్నా పోదన్న మాట నిజమే. కానీ నాకొక సందేహం. నాలుగో తరగతిలో ముక్కలుగా చేసి, ఐదులో ముక్కలుగా చేసి, ఆరులో అసలు పద్ధతికి వస్తే చేతికి వేగం ఎప్పుడొస్తుంది? లెక్కకి అర్థం ఎంత ముఖ్యమో సాధన అంత ముఖ్యం. వీడికి తొమ్మిదో ఎక్కం అడిగితే వేళ్ళు లెక్కపెడుతున్నాడు. ఎనిమిది తొమ్ములు చెప్పడానికి ఎనభైలోంచి ఎనిమిది తీసేస్తానంటాడు. తెలివైన పనే, కాదనను. కానీ 9 తో భాగించేటప్పుడు ప్రతిసారీ ఆ తీసివేత చేసుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. టేపు మాత్రం ఇవాళే తీయిస్తాను. ఇంకొకటి. నిన్న వీడు 4 ÷ 1/2 ఎంత అని అడిగాడు. 8 అన్నాను. భాగిస్తే పెరగడమేమిటి తాతయ్యా అన్నాడు. తిరగేసి గుణించడం చెప్పబోయి ఆగాను. మీ వాళ్ళు దీనికి ఏం చెబుతారు?"


ఐదో క్లాసు టీచర్:

మాస్టారూ, నమస్కారమండీ. ఎక్కాల విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. ఇక్కడి సిలబస్సూ మీ పక్షమే. 9 × 9 దాకా ఎక్కాలు నోటికి రావాలని మూడో తరగతికే రాసి పెట్టారు. అర్థం చెప్పే హడావుడిలో చాలా క్లాసుల్లో అది జారిపోతోంది, అది మా లోపమే. ఎనభైలోంచి ఎనిమిది తీయడం వాడు దారి కనుక్కోవడానికి బాగుంటుంది, రోజూ అదే దారిలో నడవక్కర్లేదు. మీరు చిన్నప్పుడు వల్లె వేయించినట్టే వేయించండి. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం ముందు పట్టండి, పిల్లలు ఆగిపోయేది అక్కడే. 6 × 7, 7 × 8, 6 × 8. ఈ మూడూ గట్టిగా వస్తే మిగతావి ఎలాగో నెట్టుకొస్తారు.

వేగం గురించి. మీ వాడికి మీ భాగహారం వచ్చేసింది కాబట్టి మానిపించకండి. హోంవర్కులో స్కూలు పద్ధతిలో ఒకసారి చేయమనండి, అదే లెక్కని మీ పద్ధతిలో చేసి జవాబు సరిచూసుకోమనండి. రెండూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వాణ్ణే వెతకమనండి.

4 ÷ 1/2 మీరు ఆగిపోవడం మంచిదైంది. తిరగేసి గుణించడం ఆరో తరగతిలో వస్తుంది. ఐదులో పూర్ణసంఖ్యని 1/2, 1/3 లాంటి వాటితో, వాటిని పూర్ణసంఖ్యతో భాగించడం వరకే. మీ చేతిలో టేపు ఉంది కదా. 12 ÷ 3 అంటే పన్నెండులో మూళ్ళు ఎన్ని అని వాడికి తెలుసు. 4 ÷ 1/2 అంటే నాలుగు అంగుళాల్లో అర అంగుళాలు ఎన్ని? వేలు పెట్టి లెక్కపెట్టుకోమనండి, ఎనిమిది వస్తాయి. 4 ÷ 1/4 ఎంతో వాడే చెబుతాడు. ఆ తర్వాత మీరు అడగండి: 1/2 × 8 ఎంత? 4. గుణిస్తే తగ్గిందేమిట్రా? ఇది వాడికి ఇంకా పెద్ద షాక్. నా క్లాసులో ఐదో తరగతి పిల్లలు దీని మీద పీరియడ్ అంతా వాదించుకుంటారు, నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు అదే.

మణికొండ వారు చెప్పిన కసాగు కూడా మీరే చెప్పేయండి మాస్టారూ. ఇక్కడి టీచర్ అడగరు, ఏ హారం తీసుకున్నా ఒప్పుకుంటారు. కానీ హైదరాబాద్ వెళ్ళేవాడికి కావాలి. 4, 6 గుణిజాలు రెండు వరసలుగా రాయించి, రెండింట్లోనూ ఉన్న వాటికి సున్నా చుట్టిస్తే సరిపోతుంది. రెండు సంఖ్యల్నీ కలిపి భాగించుకుంటూ కిందికి దిగే నిచ్చెన పద్ధతి తర్వాత.


ప్లెయిన్స్‌బరో:

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. మా పాప మూడో తరగతి. ఎక్కాలు నేను తెలుగులో చెబితే స్కూల్లో ఇంగ్లీషులో అడిగినప్పుడు మనసులో మార్చుకుంటూ ఆలస్యం చేస్తోంది. తెలుగులో మానేయమంటారా?


ఐదో క్లాసు టీచర్:

మానేయకండి. ఏ భాషలో నోటికి వస్తే ఆ భాషలోనే రానివ్వండి. స్కూలు కోసం ఒక చిన్న పని చేయండి. అట్టముక్కల మీద ఒక వైపు 7 × 8, వెనక 56 అని అంకెల్లో రాసి, మాట లేకుండా చూపించి, జవాబు కాగితం మీద అంకెల్లో రాయమనండి. అప్పుడు ఏ భాషా మధ్యలో రాదు. చుట్టాల ముందు నిలబెట్టి మాత్రం అప్పజెప్పించకండి.


ఎడిసన్ అమ్మ:

నాన్నగారు టేపు తీశారు. అగ్గిపుల్ల 1 7/8 అంగుళం వచ్చిందని ఒకరు, రెండని ఒకరు వాదించుకుంటున్నారు. ప్లెయిన్స్‌బరో గారూ, ఆ అట్టముక్కలు మేమూ చేస్తున్నాం, మీకు ఇంకో సెట్టు కావాలంటే మెసేజ్ పెట్టండి.